స్క్రీన్ మీది మూడు గీతలు

నాకు పచ్చరంగు అంకెలంటే పడదు. స్క్రీన్ మీద "అంతా బాగుంది, నువ్వు పోయి పడుకో" అన్నట్టు వెలుగుతుంటాయే, ఆ అంకెలు. బ్యాంకులో కానీ, దవాఖానలో కానీ, పెట్రోలు బంకులో కానీ, అలాంటి అంకె కనిపిస్తే అది కదులుతోందా లేదా అని కాసేపు నిలబడి చూస్తాను. వెనక వరుసలో వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. అలాంటి అంకెనొకదాన్ని నేనే తయారుచేసి ఒక గోడకు తగిలించాను. దాని వల్ల ఒక మనిషికి ఏం పోయిందో రాయాలని కూర్చున్నాను. రాస్తే పాపం పోతుందని కాదు. అంత సులువుగా పోతుందనుకుంటే నా అంత బుద్ధిహీనురాలు ఇంకొకరు ఉండరు.

హైదరాబాదులో నేను పనిచేసిన కంపెనీ మమ్మల్ని మొదట ఇంటి నుంచి పని చేయమంది, తర్వాత ఇంట్లోనే ఉండమంది. సిద్దిపేటకు వచ్చి ఒక షట్టరు గది కిరాయికి తీసుకున్నాను. మిషన్లకు ప్రోగ్రాములు రాసిస్తానని బోర్డు పెట్టాను. రైస్ మిల్లులో వడ్లు ఆరబెట్టే మిషన్లు, పాలు చల్లబరిచే ట్యాంకులు, బోరు మోటార్లు, ఏది దొరికితే అది. రెండేళ్ళు తిరిగేసరికి "కంప్యూటర్ మేడం" అని పేరు పడింది. పైకి నవ్వేదాన్ని కానీ ఆ పేరు నాకు లోపల తియ్యగానే ఉండేది. దాన్ని కాపాడుకోవడానికి ఎంత దూరం దిగజారానో చెబుతాను.

సిద్దిపేట నుంచి గజ్వేల్ పోయే తోవలో, రోడ్డు దిగి మక్కచేన్ల నడుమ నుంచి వెళితే ఒక హేచరీ ఉంది. అంటే గుడ్లను మిషన్లలో పొదిగించి కోడిపిల్లలను అమ్మే చోటు. పెద్ద రేకుల షెడ్డు, అందులో గదంతేసి మిషన్లు, ఒక్కో మిషన్‌లో ట్రాలీల మీద వేల గుడ్లు. ఇరవై ఒక్క రోజులు వాటికి వేడి తప్పకూడదు. మనిషి ఒంటివేడికి ఒక్క డిగ్రీ అటుగా, తొంభై తొమ్మిదిన్నర దగ్గర ఉండాలి. తగ్గితే పిల్ల ఆలస్యమవుతుంది. పెరిగి కొన్ని గంటలు అలాగే ఉంటే లోపలి పిల్ల లోపలే పోతుంది.

ఆ వేడి చూసే మనిషిని అక్కడ అందరూ ఖాలా అనేవారు, అంటే పిన్నమ్మ అని. యాభై దాటిన ముసల్మాను ఆవిడ. ఇల్లు సిద్దిపేటలోనే, పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సు దిగేది. పాత మిషన్లకు థర్మామీటర్లు ఉన్నాయి కానీ వాటిలో సగం ఎప్పుడో చచ్చినవి. అసలు థర్మామీటరు ఆమె కనురెప్ప. గంటకోసారి ప్రతి మిషన్ తలుపు తీసి, ఒక గుడ్డు చేతిలోకి తీసుకుని, కళ్ళు మూసుకుని రెప్పకు ఆనించేది.

"చల్లగ అనిపిస్తె వేడి తక్కువున్నట్టు, సుర్రుమంటె ఎక్కువున్నట్టు," అని మొదటిరోజే నాకు చెప్పింది. "ఏం అనిపియ్యకుంటె మంచిగున్నట్టు బిడ్డా. అసలు గుడ్డు ఉన్నట్టే తెల్వద్దు."

నేను ఇంజనీరింగు చదివినదాన్ని కదా, ఊరుకుంటానా? నా సంచిలోని కొత్త థర్మామీటరు తీసి ఆమె వెనకే తిరిగాను. ఆమె "జర ఎక్కువున్నది" అన్నచోట నూరు దాటింది, "మంచిగున్నది" అన్నచోట తొంభై తొమ్మిదిన్నర. ఆ రోజంతా ఒక్కసారి కూడా ఆమె తప్పు చెప్పలేదు. నేనేమో థర్మామీటరు సంచిలో పెట్టుకుని, ఇంత బాగా చూసే మనిషి ఉండగా నన్నెందుకు పిలిచారా అనుకున్నాను.

ఎందుకో ఓనరే చెప్పాడు. "పిల్లలు కొనేటోళ్ళు వస్తున్నరు మేడం. ఈమె కన్ను మూసి గుడ్డు పెట్టుకుంటుంటె చూసి నవ్వుతున్నరు. గిదేం హేచరీ, కన్నుతోటి నడుస్తది అంటున్నరు. మాకు గోడ మీద పెద్ద స్క్రీన్ గావాలె. పచ్చగ కనవడాలె. రాంగనే తెల్వాలె, గీడ కంప్యూటర్ ఉన్నదని."

సరేనన్నాను. నిజం చెప్పాలంటే ఎగిరి గంతేశాను.

ఆ పనిలో రెండు ముక్కలుంటాయి. ఒకటి మిషన్ లోపల చిన్న బోర్డు మీద నడిచే ప్రోగ్రాము. సెకనుకు పదిసార్లు వేడి కొలిచి, హీటర్ వేయాలా ఆపాలా, ఫ్యాను తిప్పాలా వద్దా అని అక్కడికక్కడే తేల్చేస్తుంది. దానికి ఆలస్యం పనికిరాదు. రెండోది గోడమీది స్క్రీన్. అది మనుషుల కోసం. మనుషులు వేలితో నొక్కుతారు, బొమ్మలు జరుపుతారు, మధ్యలో ఫోన్ వస్తే అలాగే వదిలేసి పోతారు. ఉరుకులాడే ఆ లోపలి పనిని, తీరుబడిగా ఉండే ఈ స్క్రీన్‌ను కలపడంలోనే ఉంది విద్యంతా. నేరుగా కలిపితే ఏమవుతుందో మొదటి వారమే తెలిసింది. ఓనర్ స్క్రీన్ మీద గ్రాఫు అటూ ఇటూ జరిపి మురిసిపోతున్నంతసేపూ లోపల ఫ్యాను ఆగిపోయి ఉంది. వట్టి మిషన్ కాబట్టి సరిపోయింది.

దాంతో రెండింటి మధ్య ఒక అర పెట్టాను, గోడకుండే గూడులాగా. లోపలి పని తాను కొలిచిన అంకెను ఆ గూట్లో పడేసి వెనక్కి చూడకుండా పోతుంది. స్క్రీన్ తనకు వీలైనప్పుడు వచ్చి తీసుకుంటుంది. ఒకరికోసం ఒకరు ఆగరు. అయితే ఇందులో ఒక ప్రమాదముంది. లోపలి పని ఏ కారణం చేతైనా ఆగిపోతే, అది ఆఖరుసారి పెట్టిన అంకె గూట్లో అలాగే ఉంటుంది. స్క్రీన్‌కు ఆ సంగతి తెలియదు. వచ్చినప్పుడల్లా ఆ పాత అంకెనే తీసి కొత్తదానిలా చూపిస్తుంది. అందుకని ప్రతి అంకె పక్కన అది పెట్టిన టైము కూడా రాయించాను. అంకె పెట్టి రెండు సెకన్లు దాటిందా, స్క్రీన్ దాన్ని చూపించకూడదు. ఆ జాగాలో మూడు గీతలు చూపించాలి. ఒక నిమిషం దాకా గీతలే ఉంటే గంట మోగాలి. మొత్తం ప్రోగ్రాములో నాకు గర్వంగా అనిపించిన భాగం అదే.

ఒక మధ్యాహ్నం షెడ్డు మెట్ల మీద కూర్చుని తింటుంటే ఖాలా అడిగింది. "బిడ్డా, గా గీతలేంది? ఒక్కోపారి అంకె పోయి గీతలొస్తున్నయి."

"లోపల్నుంచి సమాచారం రాకపోతే గీతలు వస్తాయి ఖాలా. అంటే, వేడి ఎంతుందో నాకిప్పుడు తెల్వదు అని చెప్తున్నట్టు."

ఆమె ముద్ద చేతిలోనే పట్టుకుని ఆలోచించింది. "తెల్వకుంటె తెల్వదనే చెప్తదా?"

"హౌ ఖాలా."

"అట్లయితె మంచి మిషినే," అంది. "మనుషులే చెప్పరు గట్ల."

అప్పటిదాకా ఆమె స్క్రీన్ వంక చూసేది కాదు. ఆ రోజు నుంచి చూడటం మొదలుపెట్టింది. గుడ్డు రెప్పకు పెట్టుకున్నాక తలెత్తి అంకె చూసేది, రెండూ కలిస్తే చిన్నగా తల ఊపేది. ఆ నమ్మకం స్క్రీన్ మీది కాదు, గీతల మీదిది. ఇంకా సూటిగా చెప్పాలంటే నా మాట మీదిది.

దసరా ముందు స్క్రీన్‌కు పూజ పెట్టారు. ఓనర్ వర్గల్ గుడికి వెళ్ళి సరస్వతమ్మ దగ్గర నుంచి అక్షింతలు తెచ్చాడు. చుట్టుపక్కల హేచరీల వాళ్ళందరినీ పిలిచాడు. పూజకు ముందురోజు నేను తీగలు సర్దుతుంటే వచ్చి నిలబడ్డాడు. పక్కన నీళ్ళ మోటారు ఆన్ చేసినప్పుడల్లా తీగలో గోల పుట్టి ఒకటి రెండు క్షణాలు గీతలు వచ్చి పోతున్నాయి.

"మేడం, గా గీతలు తీసెయ్యి."

"అవి ఉండాలి సార్. అవి లేకపోతే..."

"దీపం ముట్టిచ్చేటప్పుడు అంకె పోయి గీతలొస్తె ఎట్లుంటది? పూజనాడు ఖాళీ చూపెట్టుడు అపశకునం. గంత మందిల నా ఇజ్జత్ పోతది."

పాతదనే గడువు రెండు సెకన్ల నుంచి పది సెకన్లు చేస్తే సరిపోయేది. తీగ మీద తొడుగు వేసినా సరిపోయేది. ఏది చేసినా ప్రతి మిషన్ మీదా మళ్ళీ పరీక్షించి చూడాలి, ఇంకో పూట పని. అప్పటికి నాకు ఆకలేస్తోంది, సిద్దిపేటకు తిరిగి పోవాలి, పైగా మర్నాడు వచ్చేవాళ్ళలో నాకు పని ఇచ్చేవాళ్ళు ఉంటారన్న ఆశ కూడా ఉంది. ప్రోగ్రాము తెరిచి, అంకె వయసు చూసే ఆ ఒక్క వాక్యానికి ముందు రెండు గీతలు గీశాను. ప్రోగ్రాములో అలా గీస్తే ఆ వాక్యం ఉన్నా లేనట్టే. పూజ అయ్యాక మళ్ళీ పెడతాలే అనుకున్నాను. గంట మోగడం కూడా ఆ వాక్యం మీదే ఆధారపడి ఉందని నాకు తెలుసు. తెలిసే చేశాను.

పూజ బ్రహ్మాండంగా జరిగింది. స్క్రీన్‌కు పసుపు కుంకుమ పెట్టారు, బంతిపూల దండ వేశారు. అంకెలు పచ్చగా, ఒక్కసారి కూడా రెప్ప వేయకుండా వెలిగాయి. జగదేవ్‌పూర్ నుంచి వచ్చిన హేచరీ ఆయన ఒకరు, ఇంకొకరు నా నంబరు తీసుకున్నారు. ఖాలా ఒక పక్కన కొబ్బరిముక్క తింటూ నన్ను చూసి నవ్వింది. ఆమెకు చెప్పాలని ఆ క్షణం అనిపించిందా అంటే, లేదు. నాకు నా నంబరు తీసుకున్నవాళ్ళే కనిపిస్తున్నారు. ఆ తర్వాత ఆ వాక్యం సంగతి నాకు గుర్తొచ్చినప్పుడల్లా వేరే పని ఏదో ఉండేది. పైన పటారం, లోన లొటారం అంటారు కదా, దాన్ని దండవేసి మరీ గోడకు ఎక్కించాను.

శివరాత్రి పోయింది, ఎండలు ముదిరాయి, రంజాన్ నెల వచ్చింది. ఒక మధ్యాహ్నం కరెంటు ఎక్కువా తక్కువా అయి ఒక మిషన్ లోపలి బోర్డు బిగుసుకుపోయింది. ఆ క్షణాన హీటర్ ఆన్‌లో ఉంది. అది ఆన్‌లోనే ఉండిపోయింది. గూట్లో ఆఖరి అంకె తొంభై తొమ్మిది పాయింట్ ఆరు. స్క్రీన్ వచ్చినప్పుడల్లా దాన్నే తీసి చూపించింది, పచ్చగా. మిషన్ ఆగిపోవడం పెద్ద తప్పేం కాదు, ఎంత మంచి మిషన్ అయినా ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. ఆగిపోయానని చెప్పే నోరు దానికి లేకుండా చేసింది నేను.

ఖాలా మామూలుగానే గుడ్డు తీసి రెప్పకు పెట్టింది. సుర్రుమంది. తలెత్తి స్క్రీన్ చూసింది. తొంభై తొమ్మిది పాయింట్ ఆరు. గీతలు లేవు. ఇంకో గుడ్డు తీసింది, అదీ అంతే. ముందు గదిలో ఉన్న ఓనర్ దగ్గరకు వెళ్ళి చెప్పింది. ఆయన కూర్చున్నచోటి నుంచే మెడ చాచి గోడ వంక చూశాడు.

"మంచిగనే ఉన్నది గద. రోజా ఉన్నవు, నీ వొంటికే ఉడుకు."

నిజమే కావచ్చనుకుంది. రోజా ఉపవాసం, పైన రేకులు, బయట నిప్పులు చెరిగే ఎండ. తన రెప్పను పక్కనపెట్టి నా అంకెను నమ్మింది. అయినా చెయ్యి ఊరుకోక, సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు ఆ మిషన్ తలుపు ఒక అరగంట ఓరగా తీసి పెట్టిందట. తలుపు మూసి ఆమె వెళ్ళిపోయాక కరెంటు పోయి జనరేటర్ ఎత్తుకుంది. ఆ దెబ్బకు బోర్డు తనంతట తనే మళ్ళీ మొదలై, ఏమీ ఎరగనట్టు పని చేసుకుంటూ పోయింది. ఎవరికీ ఏమీ తెలియలేదు.

మూడు రోజుల తర్వాత పిల్లలు బయటికి రావాల్సిన రోజున తెలిసింది. వెనక ట్రాలీల గుడ్లు చిట్లనే లేదు. పగలగొట్టి చూస్తే పూర్తిగా ఎదిగిన పిల్లలు, తడి ఈకలతో, ముక్కు రెక్క కింద పెట్టుకుని అలాగే ఉన్నాయి. తలుపు దగ్గరున్న ముందు ట్రాలీల పిల్లలు మాత్రం చాలావరకు బతికి కిచకిచలాడుతున్నాయి.

ఓనర్ నన్ను పిలిపించాడు. ల్యాప్‌టాప్ తెరిచి, స్క్రీన్ చూపించిన అంకెల రికార్డు తీశాను. వేడి గ్రాఫు ఎప్పుడూ సన్నగా వణుకుతూ ఉంటుంది, కొంచెం పైకి, కొంచెం కిందికి. ఆ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా అది స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. బతికున్నది ఏదీ అలా ఉండదు. ఒక్క చూపుకే నాకు మొత్తం అర్థమైపోయింది. రెండు గీతలు గీసిన నా వాక్యం కళ్ళముందు కనిపించింది.

ఖాలా ఎదురుగా నిలబడి ఉంది. ట్రాలీలు తోసే పనివాళ్ళు ముగ్గురో నలుగురో ఉన్నారు. ఓనర్ ఆమెనడిగాడు.

"తలుపెందుకు తీసినవ్?"

"కన్ను సుర్రుమన్నది సారు. మీకు చెప్పిన గద."

"మిషిన్ మంచిగ చూపెడుతుంటె తలుపు తీస్తవా? బయటి గాలి తగిలి సచ్చినయి. నాకు ముందే అనుమానం. రోజాల కునికినట్టున్నవు, తలుపు మర్సిపోయినట్టున్నవు." నావైపు తిరిగాడు. "మేడం, మిషిన్ల ఏమన్న తప్పున్నదా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి ల్యాప్‌టాప్ మూత మీదికి పోయింది. తలుపు తీయడం వల్లే చస్తే ముందు ట్రాలీలవి చావాలి, వెనకవి బతకాలి. ఇక్కడ జరిగింది దానికి తలకిందులు. ఆ మాట అంటే చాలు, ఆ షెడ్డులో ఎవరికైనా అర్థమవుతుంది. జగదేవ్‌పూర్ మిషన్లకు స్క్రీన్లు మర్నాడే బిగించాలి. నా నోటి నుంచి వచ్చింది ఇది:

"రికార్డులో ఎక్కడా వేడి ఎక్కువ చూపించలేదు సార్."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అబద్ధం చెప్పి ఉంటే కనీసం అబద్ధాలకోరునని ఒప్పుకునేదాన్ని. నిజాన్నే తెచ్చి అడ్డం పెట్టుకున్నాను.

ఖాలా నా దగ్గరకు వచ్చింది. ఆమె ముఖంలో కోపం లేదు. డాక్టరును అడిగినట్టు అడిగింది.

"బిడ్డా, గీతలైతే రాలే గద?"

"రాలేదు ఖాలా," అన్నాను. అదీ నిజమే.

"గట్లయితె నా కన్నే తప్పు," అంది.

ఓనర్ రేపటి నుంచి రావద్దన్నాడు. ఆమె గోడకు తగిలించిన బుర్ఖా తొడుక్కుని, టిఫిన్ డబ్బా తీసుకుని, చెప్పులు వేసుకుని మక్కచేన్ల దారి పట్టింది. రోజా ఉన్న మనిషికి టిఫిన్ డబ్బా ఎందుకని నేను అప్పుడు వెర్రిగా ఆలోచించాను. ఉపవాసం విడిచే ఇఫ్తారు వేళకు బస్సులో ఉంటే అందులోని ఖర్జూరాలు పనికొస్తాయని తర్వాత తట్టింది. నాకు అలాంటి చిన్న సంగతులు ఆలోచించడమే సుఖంగా ఉంది.

ఆ సాయంత్రమే ఆ వాక్యం ముందున్న రెండు గీతలు చెరిపేశాను. తీగకు తొడుగు వేశాను. బోర్డు ఆగిపోతే స్క్రీన్‌తో పనిలేకుండా మోగేలా గంటను విడిగా కలిపాను. "అప్‌డేట్ చేశాను సార్" అన్నాను, ఆయన "మంచిది" అన్నాడు. జగదేవ్‌పూర్‌లో ఆ హేచరీ ఆయన గీతలు తీసేయమంటే కస్సుమని లేచి, అవి తీస్తే నేను స్క్రీనే తీసుకుపోతానన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు. కాలినవి నా చేతులు కూడా కావు.

మూడు నెలలు గడిచాయి. కళ్ళద్దాల కోసం సిద్దిపేట దవాఖానకు పోతే, కంటి డాక్టరు గది ముందు బెంచీ మీద ఖాలా కూర్చుని ఉంది. చేతిలో చిట్టీ. నన్ను చూసి జరిగి జాగా ఇచ్చింది.

"ఏమైంది ఖాలా కళ్ళకు?"

"ఏం గాలే బిడ్డా. రెప్పకు తిమ్మిరేమన్న వచ్చిందేమో చూడుమని వచ్చిన. ఇది మూడోపారి. డాక్టరేమో నీ కండ్లు శుభ్రంగున్నయి, నీకేం రోగం లేదు పో అంటుండు." చిట్టీని మడిచింది, విప్పింది. "మంచిగుంటె మల్ల గట్లెందుకైతది? ఇరవై ఏండ్ల సంది ఒక్కనాడు తప్పు చెప్పలే. గన్ని పిల్లలను సంపిన గద."

నేను ఫోన్ వచ్చినట్టు నటించి లేచి బయటికి వచ్చేశాను. దవాఖాన గేటు దగ్గర స్కూటీ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఇన్నాళ్ళూ పని పోయిందనే బాధపడుతోందనుకున్నాను. ఇంకో పని దొరుకుతుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆమె మాత్రం తనే చంపానని నమ్మి, లేని రోగానికి మందు అడుగుతూ తిరుగుతోంది. నా మీద నాకు అసహ్యం వేసింది. అంతకుముందు వేయలేదా అంటే, ఇంత వేయలేదు.

మర్నాడు హేచరీకి పోయాను. పనివాళ్ళంతా ట్రాలీల దగ్గర ఉండగానే, అందరికీ వినబడేట్టు, గీతలు నేనే తీశానని, ఆ రోజు బోర్డు ఆగిపోయిందని, ఖాలా కన్ను చెప్పిందే నిజమని చెప్పాను. పనివాళ్ళు నన్ను చూశారు, ఓనర్‌ను చూశారు, మళ్ళీ ట్రాలీలు తోసుకుంటూ పోయారు. ఓనర్ నన్ను ముందు గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేశాడు. ఆయన అరుస్తాడనుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాడు.

"నాకు తెల్వదనుకున్నవా మేడం? ముందటి ట్రాలీలు బతికి ఎన్కటియి సచ్చినయంటె నాకు సమజ్ గాదా? పుట్టినప్పటి సంది కోళ్ళల్లనే ఉన్న."

"మరి ఆ రోజు ఎందుకట్ల..."

"గీతలు తియ్యమన్నది నేను. తీసింది నువ్వు. ఆమె వచ్చి చెప్తె రోజా అని ఎల్లగొట్టింది నేను. మల్ల మనిద్దరి తప్పని గంత మంది ముంగట చెప్పుకుందుమా? ఎవల మీదనో ఒకల మీద పడాలె గద."

తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా ఇద్దరి పిడికిళ్ళలోదీ తీసి ఆమె కొంగులో పోశాం. ఆయన కాసేపు బల్ల మీద వేలితో కొట్టి, ఆఖరికి అన్నాడు.

"సరె, రమ్మను. గని గా కన్ను పెట్టుడు బంద్. గంటగంటకు స్క్రీన్ చూసి కాయిదం మీద రాస్తె చాలు."

ఖాలా ఇల్లు సిద్దిపేటలో ఒక సందు చివర. రెండు గదులు, ముందు కొంచెం వాకిలి. వాకిట్లో ఒక మూల గంపలో నాటుకోడి గుడ్లను పొదుగుతూ కూర్చుని ఉంది. ఖాలా నాకు స్టూలు వేసి, చాయ్ పెడతానంది. వద్దన్నాను. కూర్చోకుండానే చెప్పాను, కూర్చుంటే చెప్పలేనని. పూజ ముందురోజు గీతలు తీసేసిన సంగతి, ఆమెకు చెప్పకపోవడం, రికార్డు చూడగానే నాకు తెలిసిపోవడం, తెలిసీ ఆ మాట అనడం. తలుపు తీసి పెట్టినందుకే ముందు ట్రాలీల పిల్లలు బతికాయని కూడా చెప్పాను.

అంతా అయ్యాక ఆమె నెమ్మదిగా అడిగింది. "అంటే, ఆనాడు నాకు సుర్రుమన్నది నిజమేనా?"

"నిజమే ఖాలా. నీ కన్ను తప్పు చెప్పలేదు."

"మల్ల గీతలు రాలేదని నువ్వే చెప్తివి గద బిడ్డా."

"చెప్పాను. తప్పు చేశాను ఖాలా. నన్ను..."

మిగతా మాట ఆమె విన్నట్టు లేదు. క్షమించానని అనలేదు, అననందుకు నాకు ఒక విధంగా మంచిదే అనిపించింది. నాకు ఇంకేం చెప్పాలో తెలియక ఓనర్ రమ్మన్న సంగతి చెప్పాను. కన్ను పెట్టొద్దన్నాడని, స్క్రీన్ చూసి రాస్తే చాలన్నాడని కూడా చెప్పాను. దాచడానికి నాలో ఇంక ఓపిక లేదు.

ఆమె లేచి వాకిలి మూలకు పోయింది. గంప దగ్గర కూర్చుని, కోడి కింద చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీసింది. కోడి ముక్కుతో పొడిచినా పట్టించుకోలేదు. కళ్ళు మూసుకుని గుడ్డును కుడి రెప్పకు ఆనించింది. ఇదివరకైతే ఒక్క క్షణం పట్టేది. ఈసారి చాలాసేపు ఉంచింది. తీసి ఎడమ రెప్పకు పెట్టింది. మళ్ళీ కుడి రెప్పకు పెట్టింది. తర్వాత కళ్ళు తెరిచి, అప్పట్లో షెడ్డు గోడ వైపు తలెత్తి చూసినట్టే, నా ముఖం వైపు చూసింది.

"ఎట్లుంది ఖాలా?" అన్నాను.

"తెల్వదు బిడ్డా," అంది, గుడ్డును మళ్ళీ కోడి కింద పెడుతూ.